జమున: వెండితెర సత్యభామ నుంచి రాజమండ్రి ఎంపీ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సినిమాలంటే ప్రాణమిచ్చేవాళ్లం అనంతపురంలో కొంతమందిమి అప్పుడప్పుడు కలుస్తుంటాం. మాట ఎక్కడ మొదలైనా జమున గారి దగ్గరికి చేరుతుంది. డిగ్రీ చదివే పిల్లలు ఒక రకం ప్రశ్నలు అడుగుతారు. హిందూపురంలో ఎన్టీఆర్ ప్రచారం కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఇంకో రకం అడుగుతారు. ఆమె సినిమాల గురించి గంటలకొద్దీ చెప్పేవాళ్లు కూడా రాజకీయం దగ్గరికి వచ్చేసరికి "ఒకసారి ఎంపీ అయినారులే" అని తేల్చేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. ఆ ఒక్క ముక్క వెనక ఉన్నది చెప్పాలనే ఈ ప్రశ్నలూ జవాబులూ ఒకచోట చేర్చాను.

ఎవరీ జమున? రెండు మాటల్లో చెప్పండి.

1936 ఆగస్టు 30న హంపిలో పుట్టారు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగారు. 1953లో 'పుట్టిల్లు'తో సినిమాల్లోకి వచ్చి తెలుగు, తమిళం, కన్నడం, హిందీ కలిపి దాదాపు 200 చిత్రాల్లో నటించారు. 1989లో కాంగ్రెస్ తరఫున రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. 2023 జనవరి 27న హైదరాబాదులో కన్నుమూశారు.

హంపిలో పుట్టారు కదా, మన సీమ మనిషే అనుకోవచ్చా?

ఇది మా ఊళ్లో అందరికంటే ముందు వచ్చే ప్రశ్న. అడిగేవాళ్ల గొంతులో ఆశ కూడా వినపడుతుంది. ఈరోజు పటం చూస్తే హంపి కర్ణాటకలో, విజయనగర జిల్లాలో ఉంది. ఆమె పుట్టిన 1936లో మాత్రం అది మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు అన్నీ దత్త మండలాలే, అంటే నిజాం బ్రిటిషువాళ్లకు ఇచ్చేసిన జిల్లాలు. అసలు మన అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో బళ్లారి జిల్లాను విడగొడితే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, బళ్లారిలో మిగిలిన భాగం మైసూరుకు పోయింది. గీత ఆ పక్కన పడింది కాబట్టి హంపి పరాయిదైంది. లేకపోతే రాయదుర్గం వాళ్లు మనవాళ్లైనట్టే ఆమె కూడా అయ్యేవారు.

పుట్టిన చోటు లెక్కన దత్త మండలాల బిడ్డే. కానీ ఆమె మాట, నాటకం, నడక అన్నీ దుగ్గిరాలలో తయారయ్యాయి. తండ్రి నిప్పాణి శ్రీనివాసరావు వ్యాపారి. వ్యాపారం కోసమే కుటుంబం పసుపు మార్కెట్టుకు పేరుపడిన ఆ ఊరు చేరింది. ఆమె మీద దుగ్గిరాలకున్న హక్కును మనం లాక్కోవడం న్యాయం కాదు.

పల్లెటూరి నుంచి సినిమాల్లోకి ఎట్లా వచ్చారు?

నాటకాల దారిలో వచ్చారు. ఈ సంగతి తెలియకపోతే ఆమె రాజకీయం కూడా అర్థం కాదు.

అసలు పేరు జనాబాయి. చిన్నప్పటి నుంచే పాట, నాటకం. సావిత్రి నాటకాలు ఆడటానికి దుగ్గిరాల వచ్చినప్పుడు బస చేసింది జమున వాళ్ల ఇంట్లోనే. సినిమాల్లోకి రమ్మని పిలిచినవాళ్లలో సావిత్రి ఒకరు. తెనాలి ప్రాంతంలో నాటకాలు ఆడుతున్న కొంగర జగ్గయ్య తన నాటకంలో వేషం వేయించడానికి ఆ అమ్మాయిని మందూరుకు వెంటబెట్టుకుపోయారు. ఆ తర్వాత 'మా భూమి' నాటకంలో ఆమెను చూసి డాక్టర్ గరికపాటి రాజారావు 'పుట్టిల్లు'లో నాయికను చేశారు. రాజారావు వైద్యుడు, కమ్యూనిస్టుల నాటక సంస్థ ప్రజానాట్యమండలిని నడిపించిన మనిషి. 'మా భూమి' తెలంగాణ రైతుల పోరాటం మీద రాసిన నాటకం. దాన్ని ఆడే రోజుల్లో ప్రదర్శనలను ప్రభుత్వం నిషేధించింది. అంటే జమున గారికి మొదటి మెట్టు ఉద్యమ వేదికే. జనం ముందు నిలబడి గొంతు ఎత్తడం ఆమెకు 1989లో ఎవరో నేర్పింది కాదు.

ఇక్కడ మన తాడిపత్రి మనిషిని తలచుకోవాలి. బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని, చదువుకున్న ఆడవాళ్లు స్టేజీ ఎక్కాలని ఆయన పట్టుబట్టారు. ఆ రోజుల్లో దానికి చాలామంది ముఖం చిట్లించారు. రాఘవ 1946లో పోయారు, అప్పటికి జమునకు పదేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ కలుసుకున్నారని నేను చెప్పడం లేదు. ఆయనలాంటివాళ్లు తెరిచిన తలుపులోంచే ఆ తరం ఆడపిల్లలంతా లోపలికి వచ్చారు.

సత్యభామ అంటే జమునే అని ఎందుకంటారు?

ముందు ఒక సంగతి. తెలుగు స్టేజీ మీద చాలాకాలం సత్యభామ అంటే స్థానం నరసింహారావు. మగవాడు ఆడవేషం కట్టి జనాన్ని మంత్రముగ్ధుల్ని చేశారు. అట్లాంటి పాత్రను ఒక స్త్రీ తన సొంతం చేసుకోవడం చిన్న విషయం కాదు. జమున గారు 'వినాయక చవితి' (1957)లో సత్యభామ వేశారు, 'శ్రీకృష్ణ తులాభారం' (1966)లో మళ్లీ వేశారు. రెండోదాని తర్వాత ఇంకొకరిని ఆ పాత్రలో ఊహించుకోవడం జనానికి కష్టమైంది.

ఆమె సత్యభామలో నాకు నచ్చేది కోపం కాదు. తాను ఎవరో తనకు తెలుసన్న ధీమా. మెడ నిలబెట్టే తీరులో, వాలుజడ వెనక్కు విసిరే తీరులో అది కనిపిస్తుంది. ఇదే ధీమా తెర బయట కూడా ఉండేది. దానికి ఆమె మూల్యం కూడా చెల్లించారు.

ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఆమెతో నటించేది లేదన్నారంట. నిజమేనా?

నిజమే. 1950ల చివర, 60ల మొదట్లో దాదాపు మూడేళ్లు ఇద్దరు పెద్ద హీరోలూ ఆమెతో సినిమాలు చేయలేదు. షూటింగుకు ఆలస్యంగా వస్తారని, పెద్దల ముందు మర్యాద పాటించరని అప్పట్లో మాట. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. క్షమాపణ రాసిస్తే సర్దుకుంటుందన్నారు, చేయని తప్పుకు రాసివ్వనన్నారు. ఈ విషయం ఆమే తర్వాత ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పారు.

ఆ రోజుల్లో ఈ మాట ఎంత బరువైందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. తెలుగు సినిమా మొత్తం ఆ ఇద్దరి భుజాల మీద నడుస్తున్న కాలం. వాళ్లు వద్దంటే నిర్మాత ధైర్యం చేయడు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా లేవు. అయినా ఇంట్లో కూర్చోలేదు. జగ్గయ్య, హరనాథ్ లాంటి నటుల పక్కన చేశారు, హిందీ సినిమాలు ఒప్పుకున్నారు, తన మార్కెట్టు తాను నిలబెట్టుకున్నారు.

చివరికి 'గుండమ్మ కథ' (1962) సమయంలో చక్రపాణి మధ్యలో పడి ముగ్గురినీ ఒకచోట చేర్చారు. ఆ సినిమా తీసిన విజయా సంస్థలో చక్రపాణికి భాగస్వామి బి. నాగిరెడ్డి మన కడప జిల్లా మనిషే. అందులో గుండమ్మ కూతురు సరోజగా ఆమె చేసిన అల్లరి, పొగరు చూసి నవ్వుకుంటాం. ఆ నవ్వు వెనక ఇంత కథ ఉందని తెలిసిన తర్వాత ఒకసారి మళ్లీ చూడండి.

ఆ కోపంతోనే తెలుగుదేశానికి ఎదురుగా కాంగ్రెస్‌లో చేరారా?

ఇదే నేను గట్టిగా కాదనే మాట. 1962లో రాజీ పడిన తర్వాత ఎన్టీఆర్‌తో ఆమె ఎన్నో సినిమాలు చేశారు. 'తులాభారం'లో కృష్ణుడు ఎవరు? ఆయనే కదా. ఇరవై ఏళ్లనాటి సినిమా పేచీని తెచ్చి 1980ల రాజకీయానికి అతికించడం సులభంగా ఉంటుంది, అందుకే అందరూ ఆ పని చేస్తారు. మగవాడు పార్టీ పెడితే సిద్ధాంతం అంటారు. ఆడమనిషి ఇంకో పార్టీలో చేరితే పాత కోపం అంటారు. ఈ లెక్క నాకు నచ్చదు.

ఆమెకు ఇందిరా గాంధీ అంటే అభిమానం. ఆ అభిమానమే కాంగ్రెస్‌కు దారి చూపింది. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించాక, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చాక, సినిమా రంగంలో ఎక్కువమంది అటే మొగ్గారు. ఆ గాలిలో కాంగ్రెస్ జెండా పట్టుకోవడం లాభసాటి బేరం కాదు. 1985లో మంగళగిరి నుంచి అసెంబ్లీకి నిలబడి ఓడిపోయారు కూడా. గెలుపు కోసమే వచ్చిన మనిషైతే ఆ ఓటమితో ఇంటికి పోయేవారు.

1989లో ఎట్లా గెలిచారు? సినిమా గ్లామరేనా?

గ్లామర్ లేదని ఎవరూ అనరు. ఆమె వస్తే చూడటానికి జనం వస్తారు. కానీ చూడటానికి వచ్చినవాళ్లంతా ఓటు వేయరని 1985 చెప్పింది. కాబట్టి 1989లో ఏం మారిందో చూడాలి.

ఆ నవంబరులో రాష్ట్రంలో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు రెండూ ఒకేసారి వచ్చాయి. తెలుగుదేశం ప్రభుత్వం మీద వ్యతిరేకత బాగా పెరిగి ఉంది. దేశమంతా రాజీవ్ గాంధీకి ఎదురుగాలి వీస్తుంటే ఇక్కడ మాత్రం గాలి కాంగ్రెస్ వైపు తిరిగింది. 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెస్ గెలిచింది. అసెంబ్లీలోనూ అదే గెలిచి, డిసెంబరులో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. రాజమండ్రి కూడా ఆ గాలిలోదే, అందులో దాచేదేమీ లేదు.

ఇంకో సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది ఆ సంవత్సరమే. రాజ్యాంగ 61వ సవరణ 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. కాలేజీ పిల్లలు మొదటిసారి ఓటు వేసిన సార్వత్రిక ఎన్నిక అది.

మన జిల్లా వైపు నుంచి ఆ ఎన్నికను చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. ఆ ఏడాది ఎన్టీఆర్ రెండుచోట్ల నిలబడ్డారు. కల్వకుర్తిలో ఓడిపోయారు. హిందూపురం ఆయన్ను నిలబెట్టింది. 1985, 1989, 1994, మూడుసార్లూ హిందూపురం ఆయన చెయ్యి వదల్లేదు. అందుకే మా దగ్గర 1989 అంటే "అన్నగారు ఓడిపోయిన ఏడాది, మనం మాత్రం గెలిపించుకున్న ఏడాది". అదే ఏడాది, అదే ఎన్నికలో, ఆయన పక్కన సత్యభామ వేసిన మనిషి గోదావరి ఒడ్డున ఎదుటి పార్టీ నుంచి గెలిచారు. తులాభారం సినిమాను గుర్తుపెట్టుకున్న మా పెద్దవాళ్లకు ఈ సంగతి చెబితే ఒక్క క్షణం ఆగిపోతారు.

రాజమండ్రికి ఆమెకు సంబంధమేంటి? స్థానికురాలు కాదు కదా.

కాదు. చట్టం అడ్డు చెప్పదు. దేశంలో ఎక్కడ ఓటరుగా నమోదైనా, సాధారణంగా ఏ లోక్‌సభ స్థానం నుంచైనా పోటీ చేయవచ్చు. అసెంబ్లీకైతే ఆ రాష్ట్రంలో ఓటు ఉండాలి. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ మన హిందూపురానికి ఎమ్మెల్యే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పీవీ నరసింహారావును 1991 ఉప ఎన్నికలో నంద్యాల 5 లక్షల 80 వేల మెజారిటీతో పంపింది. సీమలో ఉన్న మనం స్థానికేతరులన్న మాటను వేరేవాళ్ల మీద వాడేముందు ఇవి గుర్తుంచుకోవాలి.

జనం మనసులో మాత్రం ఒక సంబంధం అప్పటికే ఉంది. 'మూగ మనసులు' (1964)లో ఆమె చేసిన గౌరి గోదావరి పిల్ల. ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ సినిమాలో సావిత్రి, నాగేశ్వరరావు ఉన్నా, గట్టు మీద పరిగెత్తే గౌరి జనానికి గుర్తుండిపోయింది. దాన్నే హిందీలో 'మిలన్'గా తీసినప్పుడు అదే పాత్ర మళ్లీ ఆమే చేశారు, ఉత్తమ సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ అందుకున్నారు. పాతికేళ్ల తర్వాత అదే గోదావరి తీరంలో ఓటు అడిగారు. ఆ సినిమా వల్లే గెలిచారని నేను అనను. ఆమె ఆ గట్టు మీద కొత్తమనిషి కాదు, అంతే.

ఎంపీగా ఏం చేశారు? రోడ్లు, స్కూళ్లు ఏమైనా వేయించారా?

ఈ ప్రశ్న ఎక్కువగా కుర్రవాళ్ల నుంచి వస్తుంది, వాళ్లది న్యాయమైన ప్రశ్నే. ఈరోజు ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది. ఫలానా బోరు, ఫలానా కమ్యూనిటీ హాలు ఎంపీ నిధులతో కట్టిందని బోర్డు పెడతారు. కానీ ఆ పథకం మొదలైంది 1993 డిసెంబరులో. జమున గారు సభలో ఉన్నప్పుడు ఎంపీ చేతిలో అట్లాంటి డబ్బు ఒక్క రూపాయి కూడా లేదు. అప్పటి ఎంపీలు మంత్రుల చుట్టూ తిరిగి, ఉత్తరాలు రాసి, సభలో అడిగి పని సాధించుకోవాలి. ఈనాటి కొలబద్దతో ఆనాటి మనిషిని కొలిస్తే ఎవరైనా పొట్టిగానే కనిపిస్తారు.

కాలం కూడా తక్కువ. అది 9వ లోక్‌సభ. 1989 డిసెంబరులో కొలువుదీరి 1991 మార్చి 13న రద్దయింది, అంటే ఏడాదిన్నర కూడా లేదు. కాంగ్రెస్‌కు 197 స్థానాలొచ్చి అతిపెద్ద పార్టీ అయినా ప్రతిపక్షంలో కూర్చుంది. వీపీ సింగ్ ప్రభుత్వం వచ్చింది, బీసీ రిజర్వేషన్ల మీద మండల్ గొడవలు రేగాయి, అద్వానీ రథయాత్ర నడిచింది, 1990 నవంబరులో వీపీ సింగ్ విశ్వాస పరీక్షలో ఓడారు, చంద్రశేఖర్ వచ్చారు, ఆయనా 1991 మార్చిలో రాజీనామా చేశారు. సభ సగం రోజులు గందరగోళమే. మొదటిసారి ఢిల్లీకి పోయిన, ప్రతిపక్షంలో ఉన్న ఒక ఎంపీకి పని నేర్చుకునే వ్యవధే దొరకలేదు. సినిమా మనిషి కాబట్టి ఏమీ చేయలేదనేవాళ్లు, అదే సభలో ఉన్న మిగతా కొత్త ఎంపీలు ఏం చేయగలిగారో కూడా చెప్పాలి.

ఆ సభలో ఆడవాళ్లు ఎంతమంది?

500 మందికి పైగా ఉన్న సభలో 30 మందికి మించలేదు. నటి వైజయంతిమాల కూడా అదే సభలో ఉన్నారు, మద్రాసు దక్షిణం నుంచి రెండోసారి గెలిచి వచ్చారు.

1991లో ఎందుకు ఓడిపోయారు?

మళ్లీ రాజమండ్రి నుంచే నిలబడ్డారు, తెలుగుదేశం గెలిచింది. 1989లో 39 స్థానాలు తెచ్చుకున్న కాంగ్రెస్ ఈసారి 25కి తగ్గింది, తెలుగుదేశం రెండు స్థానాల నుంచి 13కి పెరిగింది. ఆమె ఒక్కరు పోగొట్టుకున్న సీటు కాదది. గాలితో వచ్చిన గెలుపు గాలితో పోయిందని మీరంటే నేను కాదనను. రెండుసార్లూ ఒకే న్యాయం చెప్పండి, అంతే నేను కోరేది. గెలిచినప్పుడు గాలి అని, ఓడినప్పుడు ఆమె చేతకానితనం అనడం కుదరదు.

తర్వాత బీజేపీ వైపు పోయారు కదా? పార్టీ మారినట్టే కదా?

1990ల చివర్లో వాజపేయి నాయకత్వం నచ్చి బీజేపీ తరఫున ప్రచారం చేశారు. అప్పటికి ఆమె ఏ పదవిలోనూ లేరు. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి, ఆ పదవి చేతిలో పెట్టుకుని ఇంకో పార్టీకి పోవడం వేరు. దాన్ని అడ్డుకోవడానికే 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. పదవి లేని పౌరురాలు తన అభిప్రాయం మార్చుకుని ప్రచారం చేయడం వేరు.

ఎడమపక్షపు నాటకం నుంచి కాంగ్రెస్‌కు, అక్కడి నుంచి బీజేపీకి... ఈ ప్రయాణంలో సిద్ధాంతపు వరస వెతికితే నాకు దొరకదు. మనుషుల మీద నమ్మకం కనిపిస్తుంది: రాజారావు, ఇందిర, వాజపేయి. ఆమె రాజకీయంలో నాకు లోటుగా అనిపించేది ఇదే. నాయకుల్ని నమ్మారు కానీ తన వెనక తనదైన ఒక బలగాన్ని కట్టుకోలేదు. ఆ పని చేసినవాళ్లే రాజకీయాల్లో ఎక్కువకాలం నిలిచారు. జయలలిత పేరు వేరే చెప్పక్కర్లేదు.

రాజమండ్రి ఎంపీ జయప్రద కాదా?

కాదు. ఇద్దరినీ కలిపేస్తుంటారు. జయప్రద పుట్టింది రాజమండ్రిలో, కానీ లోక్‌సభకు గెలిచింది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి, 2004లో, 2009లో. అంతకుముందు 1996లో తెలుగుదేశం ఆమెను రాజ్యసభకు పంపింది. జమున పుట్టింది హంపిలో, గెలిచింది రాజమండ్రిలో.

తెలుగు సినిమా నుంచి పార్లమెంటుకు పోయిన మొదటివాళ్లు ఎవరు?

జమునను నాటకానికి తీసుకుపోయిన జగ్గయ్యే. 1967లో ఒంగోలు నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. ఆ సభకు స్పీకరు మన ఇల్లూరు నీలం సంజీవరెడ్డి, హిందూపురం ఎంపీ. గురువులాంటి మనిషి వేసిన దారిలోనే 22 ఏళ్ల తర్వాత జమున గారు అదే భవనంలోకి నడిచారు.

ఆమె తర్వాత తెనాలి అమ్మాయి శారద 1996లో తెనాలి నుంచి తెలుగుదేశం ఎంపీ అయ్యారు. విజయశాంతి 2009లో మెదక్ నుంచి గెలిచారు. అదే ఏడాది జయసుధ సికింద్రాబాద్ ఎమ్మెల్యే అయ్యారు.

మన రాయలసీమలో ఇట్లాంటివాళ్లు ఎవరున్నారు?

ఆర్.కె. రోజా. తిరుపతిలో పుట్టారు. 2004లో నగరిలో, 2009లో చంద్రగిరిలో తెలుగుదేశం తరఫున ఓడిపోయారు. పార్టీ మారి 2014లో, 2019లో నగరి నుంచే గెలిచి, 2022లో మంత్రి అయ్యారు, 2024లో ఓడిపోయారు. ఆమె మాట తీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. రెండు ఓటముల తర్వాత కూడా అదే నేలను పట్టుకుని తిరగడం మాత్రం మెచ్చుకోవాల్సిన విషయం. జమున గారు 1991 తర్వాత చేయనిది అదే.

కుటుంబం గురించి?

భర్త జూలూరి రమణారావు, తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. 1965లో పెళ్లి. సినిమా వాళ్లను కాకుండా పాఠాలు చెప్పే మనిషిని చేసుకున్నారు. ఆయన 2014లో చనిపోయారు. వాళ్లకు ఒక కొడుకు, ఒక కూతురు.

అవార్డులు ఏమొచ్చాయి?

'మిలన్'కు వచ్చిన ఫిల్మ్‌ఫేర్ సంగతి పైన చెప్పాను. 2008 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ జాతీయ పురస్కారం ఇచ్చింది. ఒకప్పుడు తనతో నటించనన్న, తర్వాత తాను ఎదుటి పార్టీలో నిలబడిన మనిషి పేరు మీద ఉన్న గౌరవాన్ని ఆమె అందుకున్నారు. ఇద్దరి మధ్యా శత్రుత్వమే మిగిలిందనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఆమె సినిమాలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మా పిల్లలకు నేను చెప్పే వరస ఇది. ముందు 'మిస్సమ్మ' (1955). అందులో సీత పాత్ర చూస్తే పద్దెనిమిదేళ్ల అమ్మాయి సావిత్రి పక్కన ఎంత హాయిగా నిలబడిందో తెలుస్తుంది. తర్వాత 'గుండమ్మ కథ', ఆ తర్వాత 'మూగ మనసులు'. గౌరి చివరి ఘట్టాలకు కళ్లు చెమర్చకుండా ఉండటం కష్టం. 'తులాభారం' పండగ రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాల్సింది. చివర్లో 'పండంటి కాపురం' (1972). రాణి మాలినీదేవిగా పగ, దర్పం, లోపలి గాయం అన్నీ ఒకే మొహంలో చూపించారు. నాయికగా వెలిగిన మనిషి అట్లాంటి పాత్ర ఒప్పుకోవడానికి గుండె కావాలి.

మా అమ్మాయికి రాజకీయాల్లోకి రావాలని ఉంది. సినిమా పేరు, డబ్బు లేకుండా కుదురుతుందా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది, తర్వాత చాలామంది అడిగారు. పోటీ చేయడానికి కావాల్సినవి ఇవి: 25 ఏళ్లు నిండాలి, ఓటరు జాబితాలో పేరుండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. డిపాజిట్ లోక్‌సభకు 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. జమున గారు నిలబడిన రోజుల్లో లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలే. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరోవంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది.

చట్టసభల్లో మూడోవంతు సీట్లు మహిళలకు ఇచ్చే 106వ సవరణ 2023లో వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాత అమలు చేయాలని అందులో రాశారు. ఆ రోజు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. పంచాయతీల్లో, మున్సిపాలిటీల్లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఇప్పటికే సగం సీట్లు మహిళలకు కేటాయించింది, అక్కడ 21 ఏళ్లు నిండితే పోటీ చేయవచ్చు. మీ అమ్మాయిని ముందు మీ వార్డు మీటింగుకు పంపండి. నలుగురిలో లేచి మంచినీళ్ల సంగతి అడగమనండి.